చక్రాల మీద లేచిన విమానం

మా కోకాపేట ఆఫీసులో ఒకాయన ఉండేవాడు. తొలి విమానం ఎవరిదన్న మాట వస్తే చాలు, చాయ్ పక్కన పెట్టి తన దోస్తుతో వాదనకు దిగేవాడు.

"అమెరికా అన్నదమ్ములు రైలు పట్టా అసొంటి చెక్క పట్టా మీదికెల్లి ఎగిరిండ్రు. బ్రెజిల్ ఆయన చక్రాల మీద, జనం ముంగట లేచిండు. గదే అసలు తొలి విమానం. ఒప్పుకుంటవారా, లేదా?"

దోస్తు నవ్వి తల అడ్డంగా ఊపేవాడు.

ఆదివారాలు ఖాజాగూడ చెరువు దగ్గర ఇద్దరూ బొమ్మ విమానాలతో పోటీపడేవారు. దోస్తుది పట్టా మీంచి హాయిగా ఎగిరేది. ఈయన చక్రాల విమానం నేల విడిచేదే కాదు.

దోస్తు చనిపోయాక ఒక ఉదయం అది లేచింది. చూడ్డానికి వచ్చిన ఆఫీసు వాళ్లమంతా చప్పట్లు కొట్టాం. ఆయన మాత్రం దోస్తు ఎప్పుడూ కూర్చునే బండ వైపు తిరిగాడు.

"ఇప్పుడన్నా ఒప్పుకుంటవారా?"

జవాబు కోసం ఆగాడు. రిమోట్ మీద వేళ్లు కదల్లేదు. విమానం చెరువు దాటి పోతోందని మేం అరుస్తున్నా, ఆయన బండ వైపే చూస్తూ నిలబడ్డాడు.