నాలుగు వేళ్ల ఎత్తు

చిటపట మేస్త్రికి కోపం రాని రోజంటూ లేదు. కానీ ఆ రోజు కోపం వేరు. బళ్లు బాగుచేసే ఆయన షెడ్డు ముందు టీ అమ్మే ముసలాయన గ్లాసు చేతికివ్వడానికి జంకి, పానాల పెట్టె మీద పెట్టి, చల్లారకుండా పైన చిన్న మూత బోర్లించి వెళ్లిపోయాడు.

ఆ కోపమంతా బావ మీద. బావంటే మేస్త్రి చెల్లెలి మొగుడు, బళ్లో గుమాస్తా. చెల్లెలు నర్సు. నాలుగు చక్రాలూ లాగే పాత జీపు ఒకటుంది ఆమెకి. కొండ మీది ఊళ్లకి మందులూ టీకాలూ వెళ్లేది అందులోనే. కిందటి నెల ఒక నిండు గర్భిణిని దింపుకొస్తుంటే బండి పొట్ట రాయికి తగులుకుని కదల్లేదు. దారిన పోయే పశువుల కాపర్లు భుజాలు పెట్టి ఎత్తారు గనక సరిపోయింది. దేవుడి దయవల్ల తల్లీబిడ్డా దక్కారు. అప్పట్నుంచీ జీపు ఎత్తు పెంచాలని బావకి ఒకటే పట్టుదల. ఎక్కడో పాత సామాన్ల కొట్లో, ఎవరి బండికో వాడి తీసేసిన, ఎత్తు పెంచే కమాను పట్టీల కిట్టు దొరికితే పెట్టెతో సహా మోసుకొచ్చాడు.

"ఇది కిట్టా బావా? ఏ బండి శవం మీంచి ఒలుచుకొచ్చావ్?" అన్నాడు మేస్త్రి, తుప్పు పట్టిన బోల్టు పట్టుకుని.

"తిట్టు, తిట్టు. తిడుతూ బిగిస్తే గట్టిగా పడుతుందట."

"నీ నోరు కూడా బిగిస్తాను, ఉండు."

పాత కమాను పట్టీలు ఊడదీసి, కిట్టులోవి ఎక్కించేసరికి మధ్యాహ్నం దాటింది. ఒక్కో బోల్టుకీ ఒక్కో తిట్టు ఖర్చయింది. చివరికి జీపు నాలుగు వేళ్ల ఎత్తు లేచి, కొత్త చెప్పులేసుకున్న పిల్లలా నిలబడింది. బావ చప్పట్లు కొట్టాడు.

"ఇక తాళాలివ్వు. రేపు ఆరింటికి మీ చెల్లెలు కొండెక్కాలి."

మేస్త్రి ఇవ్వలేదు. కమాను పని ఏది చేసినా ఆయనకి ఒక అలవాటుంది. బండిని ఛాసిస్ కింద జాకీ పెట్టి లేపి, చక్రాన్ని గాల్లో వేలాడనిచ్చి, బ్రేకు రబ్బరు పైపుని బొటనవేలితో నొక్కి చూస్తాడు. ఒక మనిషి బ్రేకు మీద కాలు పెట్టాడంటే, దేవుడి తర్వాత మేస్త్రినే నమ్మినట్టని ఆయన లెక్క.

నొక్కాడు. లేచిన ఎత్తుకి పొడవు చాలక పైపు విల్లుతాడులా బిగుసుకుపోయి ఉంది. నేల మీద నిలబడ్డంతసేపూ ఏమీ కాదు. చక్రం గోతిలోకి దిగిందో, పుటుక్కున తెగుతుంది. ఆయిలంతా కారిపోతుంది. దిగుడులో బ్రేకు ఎంత తొక్కినా బండి ఆగదు.

అప్పుడు కిట్టు పెట్టె మూత తిప్పి చూశాడు. లోపల అంటించిన బొమ్మలో మూడు వంకర ఇనప పట్టీలున్నాయి. పైపు పై కొసని నాలుగు వేళ్లు కిందికి దించి పట్టుకునేవి. ముందు చక్రాలకి రెండు, వెనక ఒకటి.

"ఇవేవి?"

బావ బొమ్మ చూశాడు. "పనికొచ్చేవన్నీ తెచ్చాను బావా."

"పనికొచ్చేవన్నీ అంటే? పనికిరానివేవో నువ్వు తేల్చావా?"

బావ చెవి గోక్కుంటూ నేలచూపులు చూస్తుండగా చెల్లెలు అన్నం క్యారేజీతో వచ్చింది. బొమ్మలోకి తొంగిచూసి, "అరె, ఇవి మా వంటింటి అలమర కిందున్నవే అన్నయ్యా!" అంది సంబరంగా. "రెండేళ్లుగా ఇటుక ఆసరా పెట్టుకుని నెట్టుకొస్తున్నానా, మొన్న ఈయనే బిగించారు. ఎంత కుదురుగా ఉందో అని వీధంతా చెప్పుకున్నాను."

మేస్త్రి పానా పట్టుకునే బావ వైపు తిరిగాడు.

"పెళ్లాం డబ్బాలు పడకుండా కాపాడి, పెళ్లాన్ని లోయలో పడేద్దామనుకున్నావా?"

పక్క షెడ్డు వాళ్లు సుత్తి ఆపారు. చెల్లెలి మొహంలో నవ్వు ఆరిపోయింది. బావ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నాకు తెలీదు బావా. సామాను కదలకుండా కట్టిన ఇనప ముక్కలనుకున్నాను."

"తెలీకపోవడం తప్పు కాదు. తెలీనిదాన్ని అడక్కుండా పక్కకి తియ్యడం తప్పు!" అని, పానా నేలకేసి కొట్టాడు. ఆ తర్వాత గొంతు తగ్గింది గానీ కోపం తగ్గలేదు, తన వైపు తిరిగింది. "పొద్దున్నే పెట్టె మూత చూడాల్సింది నేను. నిన్ను తిట్టే సంబరంలో పడి చూళ్లేదు. నా నోట్లో పురుగులు పడ!"

"ఊరుకో అన్నయ్యా, ముందు అన్నం తిను."

తినలేదు. ముగ్గురూ ఇంటికెళ్లారు. చెల్లెలు డబ్బాలన్నీ నేల మీదికి దింపింది. బావ పట్టీల మరలు విప్పాడు. మేస్త్రి అలమర చెక్కని భుజంతో పట్టుకుని నిలబడ్డాడు, ఒక్క మాటా లేకుండా. తిట్లకంటే అదే ఎక్కువ తగిలింది బావకి.

పొద్దుగూకేలోపు షెడ్డులో మూడు పట్టీలూ జీపుకి బిగిశాయి. చక్రం మళ్లీ గాల్లో వేలాడింది.

"వేలు పెట్టు," అన్నాడు మేస్త్రి.

బావ నొక్కాడు. పైపు మెత్తగా లొంగింది.

"మిగతావీ చూడు."

బావ మిగతావీ చూశాడు. అతను వెళ్లొస్తానంటే మేస్త్రి దానికి కూడా జవాబివ్వకుండా చేతులు కడుక్కోవడానికి పోయాడు.

తెల్లారి ఆరింటికి చెల్లెలు వచ్చేసరికి జీపు బయట పెట్టి ఉంది. పక్క సీటు మీద మూడు కొత్త పట్టీలు. ఊడదీసిన పాత కమానుని కోసి, కాల్చి వంచి, కన్నాలు వేసి, అంచులు చేతికి గీసుకోకుండా అరగదీసినవి.

"ఇవేంటన్నయ్యా?"

"అలమరకి. పెద్ద కన్నం గోడ వైపు రావాలని చెప్పు మీ ఆయనకి."

"నువ్వే చెప్పచ్చుగా."

"నేనింకా మాట్లాడట్లేదని కూడా చెప్పు," అని మేస్త్రి వంగి, ముందు చక్రం వెనక చెయ్యి పెట్టి, పైపుని ఇంకోసారి నొక్కి చూశాడు.