రేకుల షెడ్డు వాళ్ల ఓటు

చాలా ఏళ్లుగా ఒక అబద్ధం మీద గౌరవంగా బతుకుతున్నాను. బహ్రెయిన్‌లో ఉన్నప్పుడు క్యాంపు తెలుగువాళ్లంతా కలిసి నన్ను పెద్దగా ఎన్నుకున్నారని మా ఇంట్లో అందరికీ తెలుసు. నేనే చెప్పాను. అది నిజం కాదు. మీకు చెప్పగలుగుతున్నాను, ఎందుకంటే మీరు నన్ను ఎరగరు.

తొంభైల నాటి మాట. అస్కర్‌లో అల్యూమినియం ఫ్యాక్టరీ దగ్గర మా కాంట్రాక్టు కంపెనీ క్యాంపు. గదుల్లో కంపెనీ మనుషులం. వెనక రేకుల షెడ్డులో సప్లై వాళ్లు, అంటే వేరే ఏజెంటు మా కంపెనీకి అద్దెకిచ్చిన కూలీలు. నేను బీఏలో రాజనీతి చదివి, అక్కడ స్టోరులో పనిచేసేవాణ్ణి. అందరూ మేష్టారనేవారు. శుక్రవారం సెలవునాడు అమెరికా పుట్టిన కథ చెప్పేవాణ్ణి. రాజును వదిలించుకుని తమ చట్టం తామే రాసుకున్న మనుషుల కథ. కదలకుండా వినేవారు.

ఒకసారి క్యాంపు బాస్ ఒక పద్ధతి పెట్టాడు. కంపెనీ మనుషుల్లో ఏ భాషవాళ్లు ఎక్కువుంటే వంటవాడు వాళ్లవాడు, క్యాంపు తరఫున తనతో మాట్లాడే పెద్దా వాళ్లవాడే. మలయాళీలు మాకంటే కాస్త ఎక్కువ. భాషకో వరస కట్టించి బాస్ తలలు లెక్కపెట్టేవేళ, నేను షెడ్డులోని తెలుగువాళ్లను పిలిచి కంపెనీ మనుషుల్లా మా వరసలో నిలబెట్టాను. గెలిచాం.

మర్నాడు పెద్దను ఎన్నుకోవాలి. షెడ్డువాళ్లు చేతులెత్తితే సూరిబాబు గెలుస్తాడు. వాళ్లలో ఒకడు, శ్రీకాకుళం వాడు, అందరికీ ఇష్టుడు. షెడ్డువాళ్లకు ఓటు లేదన్నాను.

"ఏటి మేస్టారూ, నిన్న మమ్మల్ని లెక్కెట్టినారు గదా. ఇయ్యాల మేం లేమా?"

"అది వేరు, ఇది వేరు సూరిబాబూ. మీరు సప్లై వాళ్లు."

"కూడు గెలవడానికి తెలుగోళ్లం, పెద్దని ఎంచడానికి సప్లయోళ్లమా? బాగుంది మేస్టారూ మీ అమెరికా!"

అందరూ నవ్వారు. సూరిబాబూ నవ్వాడు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. గదులవాళ్ల చేతులతోనే నేను పెద్దనయ్యాను.

తెలియక చేశానా? కాదు. ఆ అమెరికా వాళ్లు తమ రాజ్యాంగంలో ఐదుగురు బానిసలను ముగ్గురిగా లెక్కగట్టి, ఆ బలంతో సభలో సీట్లు పెంచుకుని, ఆ బానిసలకు మాత్రం ఓటు లేకుండా చేశారు. పరీక్షలో దాన్ని అన్యాయమని రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. శుక్రవారం కథల్లో ఆ ముక్క ఎప్పుడూ చెప్పలేదు. మొదట్లో కథ చెడుతుందని. తర్వాత? నా పెద్దరికం పోతుందని.

ఎండాకాలంలో షెడ్డు కూలర్ పాడైంది. బాసుతో చెప్పమని సూరిబాబు అడిగినప్పుడల్లా రేపన్నాను. షెడ్డు మాటెత్తితే బాస్ అక్కడికి వస్తాడు, మా వరసలో చూసిన ముఖాలను గుర్తుపడతాడు, నా లెక్క బయటపడుతుంది. ఆ భయం ముందు మనుషుల ఉక్కపోత నాకు చిన్నదిగా కనిపించిందా? కనిపించింది. సరిగ్గా నిద్రలేక, ఎండదెబ్బకు సూరిబాబు పనిలో పడిపోయాడు. సల్మానియా ఆసుపత్రిలో ప్రాణం దక్కింది. కిడ్నీలు కోలుకోలేదు. ఏజెంటు ఇంటికి పంపేశాడు. వ్యాను ఎక్కేటప్పుడు కూడా నన్ను మేస్టారనే పిలిచాడు.

అతను ఉన్నాడో లేడో తెలియదు. కనుక్కోలేదు. కనుక్కునే ధైర్యం ఇప్పటికీ లేదు. 'మేం లేమా' అని ఆ రోజు అతను అడిగితే నవ్వి దాటేసిన ప్రశ్నకు జవాబు మాత్రం ఇక్కడ రాస్తున్నాను.

ఉన్నారు సూరిబాబూ. మీరంతా ఉన్నారు. చేతులెత్తనిచ్చి ఉంటే నువ్వే గెలిచేవాడివి.