పీరా సాబ్ కట్టిన టౌన్ హాలు

మా పీరా సాబ్ ఇక లేరు. సెలవు మీద ప్రొద్దుటూరు వెళ్లిన మనిషి, తిరుగు టికెట్ జేబులో ఉండగానే గుండె ఆగి కన్నుమూశారని మొన్న సౌదీలోని తబూక్‌లో ఉన్న మా పనివాళ్ల క్యాంపుకు కబురొచ్చింది. ఆయన తెస్తానన్న కారప్పొడి కోసం సీసా కడిగి ఆరబెట్టుకున్న వంటమనిషి నూకరాజు, ఆ సీసా పట్టుకునే ఏడ్చాడు.

గోడలకూ సీలింగులకూ నగిషీలు దిద్దే జిప్సం పనిలో ఆయన నా గురువు. ఏ ఇంజనీరో పారేసిన పుస్తకంలో విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండు టౌన్ హాలు బొమ్మ చూసి మోహంలో పడ్డారు. సైటులో మిగిలిన జిప్సం ముక్కలతో మెస్సులో బల్ల మీద దాన్ని కట్టడం మొదలుపెట్టారు. స్తంభాలు, కమానులు, గడియారపు గోపురం... ఆయన సెలవు రోజులు, శుక్రవారాలన్నీ దానికే అర్పితం.

గడియారానికి నాలుగు ముఖాలెందుకని అడిగితే, "ఊరంటే నాలుగు దిక్కులా ఉండే జనం గదప్పా. ఒకరికే టైం చెప్తే ఎట్లా?" అన్నారు. మెట్లు అంత వెడల్పెందుకంటే, "అర్జీ ఇచ్చేవాడు ఎక్కుతాంటే, దొర ఎదురొచ్చినా పక్కకు జరిగే పని ఉండకూడదు" అన్నారు. పౌరధర్మాన్ని ఇంత తేలిగ్గా నాకు మరెవరూ చెప్పలేదు.

అసలు భవనం నుదుట న్యాయం, వర్తకం, వ్యవసాయం మనుషుల రూపంలో కొలువుదీరి ఉన్నాయి. నమాజు తప్పని పీరా సాబ్, మతం ఒప్పదని మనిషి బొమ్మ చెయ్యరు. "ముఖాలొద్దు, పనులు పెడదాం" అని నూకరాజు గరిటె, ట్యాంకర్ డ్రైవర్ స్టీరింగు, మా అందరికీ సూదులు పొడిచిన నర్సమ్మ సిరంజి జిప్సంతోనే చిన్నగా చేసి అక్కడ అతికించారు. వాకిలి పైన రాణి విగ్రహం ఉండే గూడు మాత్రం ఖాళీగా వదిలేశారు. "ఆడ ఎవర్నీ పెట్టాకండి. లోపలికొచ్చేవాడు ఎవరికీ తలొంచకూడదు" అనేవారు.

నా తాపీ కూడా ఆ వరసలో ఉండాలని నాకు మహా కోరిక. మూడుసార్లు చేసి చూపించాను. ప్రతిసారీ కళ్లజోడు సవరించుకుని, "పిడి వంకరుండాది ప్రసాదూ. పగలగొట్టు, మళ్లా చెయ్" అనేవారు. క్యాంపంతా పడీపడీ నవ్వేది. నాకు ఒళ్లు మండిపోయేది.

నిన్న ఆయన గుర్తు ఎక్కడ పెట్టాలా అని అందరం కూర్చున్నాం. నూకరాజు ఖాళీ గూడు చూపించి, "ఇక్కడెట్టేద్దామండి, ఆయనకి తగ్గ చోటు" అన్నాడు. ఆయన మాట దాటలేక వద్దన్నాను. గరిటె పక్కన ఆయన తాపీ ఉంచాలని తేల్చాం. చేసే పని నా మీద పడింది.

మొదటిది బాగుందని అందరూ అన్నారు. పిడి వంకరగా కనిపించి నేనే పగలగొట్టాను. రెండోదీ, మూడోదీ అంతే. ఈసారి ఎవరూ నవ్వలేదు. నాలుగోది కిటికీ దగ్గర వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాను. పిడి తిన్నగానే ఉంది.

అతికించేశాను, పీరా సాబ్. మీరొక్కసారి చూసి చెప్పాల్సింది.