సత్యవతి ఆంటీ పచ్చకారు

మొన్న ఆదివారం మా ఎదురింటివాళ్లు కొత్త కారు కొని పూజకు పిలిచారు. పొద్దుటి వాన ఇంకా ఆరలేదు. చక్రాల కింద నిమ్మకాయలు చితికి, తడి తారు మీంచి ఆ పుల్లటి వాసన గుప్పున లేచింది. అందరూ చప్పట్లు కొడుతున్నారు. నా చెయ్యి మాత్రం దానంతటదే పక్కనున్న మా అమ్మాయి నిత్య మోచెయ్యి పట్టేసుకుంది. కాలేజీకి వెళ్లే పిల్ల, విసుక్కుంది. "అమ్మా, వాట్స్ రాంగ్ విత్ యూ?" అంది. ఏం లేదన్నాను. ఆ వాసనకు నాకు సత్యవతి ఆంటీ గుర్తొస్తుంది.

మేం ఈ దేశానికి, ఈ ఎన్నిస్ ఊరికి వచ్చిన కొత్తలో ఆవిడది మా పక్కిల్లు. కాకినాడ మనిషి. పక్క నగరం లిమరిక్‌లో ఆసుపత్రిలో, ఆపరేషన్లకు మత్తిచ్చే డాక్టరుగా పనిచేసి రిటైరైంది. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "తీరిక దొరకలేదమ్మా" అని నోరు మూయించేది. మా ఆయన షానన్‌లో ఉద్యోగానికి వెళ్లిపోతే చిన్నపిల్లతో ఇంట్లో నేనొక్కదాన్నే. కొత్త దేశం. ఎవరేది చెప్పినా తలూపేదాన్ని. ఒకసారి బాయిలర్ సర్వీసు చేయించేశానని ఇంటి ఓనరు ఫోన్ చేస్తే, థాంక్యూ చెప్పి పెట్టేశాను. ఆంటీ అక్కడే కూర్చుని టీ తాగుతోంది.

"ఎవరొచ్చి చేశార్ట?" అంది.

"చేయించాడట ఆంటీ."

"నువ్వు గడప దాటవు కదే. నీకు కనపడకుండా ఏ దారిన వచ్చి వెళ్లారు?"

ఎవరూ రాలేదన్న సంగతి అప్పటిగ్గానీ నాకు తట్టలేదు. ఆవిడ పడీపడీ నవ్వింది.

రిటైరయ్యాక ఆంటీ ఓ పాత పచ్చకారు కొనుక్కుంది. "ఇద్దరం ఒకే ఏడాది సరుకు. దానికీ కీళ్ల నొప్పులే" అనేది. అంత పాత కార్లకు ఇక్కడ ఏటేటా జరిగే తనిఖీ కూడా లేదు. బాగుచేసినవాడి మాటే వేదం. బ్రేకులు మొత్తం కొత్తగా చేయించాలని ఊరి బయట ఓ గ్యారేజీకి ఇచ్చింది. పాత కార్లకు మాకు మించినవాళ్లు లేరని బోర్డు పెట్టుకున్న చోటు. శనివారం సాయంత్రం వాళ్లే తెచ్చి వాకిట్లో వదిలివెళ్లారు. మర్నాడు నన్నూ నిత్యనూ ఎక్కించుకుని, బర్రెన్ కొండ మీంచి మెలికల రోడ్డు దిగి సముద్రానికి తీసుకెళ్తానంది. నిత్యకప్పుడు ఐదేళ్లు. వారం నుంచీ ఇంట్లో అదే పాట.

ఆదివారం పొద్దున్నే పూజ అని పట్టుబట్టింది. కొత్త బ్రేకులు వేసిన బండి కొత్త బండితో సమానమట.

"డాక్టరై ఉండి ఈ నిమ్మకాయలేంటి ఆంటీ?" అని ఏడిపించాను.

"నా డిగ్రీ సంగతి నిమ్మకాయకి తెలీదులేవే" అంది.

నిత్యను తనే వెనకసీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టింది. బొట్టు పెట్టి, హారతిచ్చి, మోకాళ్లు తిట్టుకుంటూ ఒక్కో చక్రం దగ్గరా వంగి నిమ్మకాయ పెడుతోంది. ముందు ఎడమ చక్రం దగ్గర వంగినావిడ లేవలేదు. నడుం పట్టేసిందేమోనని దగ్గరికి వెళ్లాను. టైరు లోపలివైపు జిడ్డును తడిమి, వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తోంది.

"మాధవీ, పిల్లని దింపు."

"ఏమైంది ఆంటీ?"

"ముందు దింపవే!"

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నిత్యను గబగబా దింపేశాను. ఆంటీ ఇంజను వేయకుండానే డ్రైవరు సీట్లో కూర్చుని బ్రేకు తొక్కింది. పెడలు ఏ అడ్డూ లేకుండా నేలదాకా దిగిపోయింది. ఆవిడ వాకిలి రోడ్డు వైపుకు ఏటవాలు. ఆ రోడ్డు పట్టుకుని పోతే ఆ కొండ మెలికలే.

ఆవిడ నిమ్మళంగా నిత్యకు బిస్కెట్లిచ్చి, టీవీ పెట్టి బయటికొచ్చింది. మెట్టు మీద కూలబడి అప్పుడు ఏడ్చింది. "నా చేత్తో నేనే కదే దాన్ని ఎక్కించాను" అంది. పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. లోపల్నుంచి నిత్య ఏదో కార్టూను చూసి కిలకిలా నవ్వింది. ఆ నవ్వు వినేసరికి గుండె తేలికై నాకూ నవ్వొచ్చింది, ఆవిడకూ నవ్వొచ్చింది. ఏడుస్తూనే చాలాసేపు నవ్వుకున్నాం.

మర్నాడు తెలిసిన మెకానిక్ ఒకాయన వచ్చి చక్రాలు విప్పాడు. బ్రేకు నూనె వెళ్లే గొట్టం మరను వేళ్లతో తిప్పి వదిలేశారు, బిగించనే లేదు. ఇంకోవైపు పాతగొట్టమే ఉంచి పైన నల్లరంగు పూశారు. ఆ కాలపు కార్లలో నాలుగు చక్రాలకూ నూనె ఒక్కటే. ఒకచోట కారిందంటే నాలుగు బ్రేకులూ పోయినట్టే. ఆంటీ అన్నీ తనూ వంగి చూసింది. దేన్నీ ముట్టుకోవద్దని చెప్పి, కారును ఇంకో బండి మీద ఎక్కించి ఆ గ్యారేజీకే తీసుకెళ్లింది. నన్నూ రమ్మంది.

ఓనరు నవ్వుతూ ఎదురొచ్చాడు. "ఇక్కణ్నుంచి వెళ్లేటప్పుడు గ్రాండ్‌గా ఉందండీ" అన్నాడు.

"అయితే రండి, నా పక్కన కూర్చోండి. నేను నడుపుతాను. ఆ కొండ దిగొద్దాం" అంది ఆంటీ.

అతను నవ్వాడు. ఆవిడ నవ్వలేదు; అవతలి తలుపు తీసి పట్టుకుంది. అతను మోకాళ్ల మీద కూర్చుని చక్రం లోపలికి చూశాడు. లేచేసరికి మొహం ఎర్రబడింది. కారెక్కలేదు. డబ్బు వెనక్కిస్తానన్నాడు.

"ఇవ్వండి. ముందు అదే చేత్తో ఇంకెవరి బ్రేకులు చేశారో వాళ్లకి ఫోన్ చేయండి. నేనిక్కడే ఉంటాను."

చేశాడు. చివరి ఫోను ఓ ముసలాయనకు. వానలని కారు షెడ్డులోంచి తీయనేలేదట. ఆంటీ అప్పుడు కుర్చీలో కూర్చుని మంచినీళ్లడిగింది. గొంతు పెంచకుండా కూడా మనిషిని నిలదీయొచ్చని నేను నేర్చుకున్నది ఆ రోజే.

చక్రాలు విప్పి చూసిన ఆ తెలిసిన మెకానికే బాగుచేశాక, కొన్ని వారాలకు నిజంగానే వెళ్లాం. బయల్దేరేముందు నన్ను పెడలు తొక్కమని, తను కింద చాపేసుకుని చూసింది. మెలికల రోడ్డు సగం దిగాక, వెడల్పుగా ఉన్నచోట బ్రేకు వేసింది. కారు చప్పుడు లేకుండా ఆగింది. కింద సముద్రం తళతళలాడుతోంది. వెనక్కి తిరిగి చూస్తే నిత్య నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

"లేపనా ఆంటీ? సముద్రం చూస్తుంది."

"పడుకోనీవే. నా ఉద్యోగమంతా ఇంతే. పని సరిగ్గా జరిగిందంటే, లేచినవాళ్లకి నేను గుర్తుండను."

ఆంటీ పోయి పన్నెండేళ్లయింది. ఇప్పుడు నేను ఎవరి మాటకూ ఊరికే తలూపను. చూపించమంటాను, కొందరికి చిరాకు, పోనీ. మొన్న పూజ నుంచి ఇంటికి నడుస్తూ నిత్యను అడిగాను, చిన్నప్పుడు పచ్చకారులో కొండ దిగాం, గుర్తుందా అని.

"దేర్ వాజ్ ఐస్‌క్రీమ్, ఐ థింక్" అంది. "వాట్ వాజ్ ది ఆంటీస్ నేమ్?"

ఆ మాటకు నాకు కళ్లు నిండాయి, మనసూ నిండింది. ఆ పిల్లకు ఐస్‌క్రీమ్ తప్ప ఏమీ గుర్తులేదు. ఆంటీ పని అంత సరిగ్గా చేసింది.

"సత్యవతి" అన్నాను.