ఖాజా మియా ఆటో ఖాళీగా కదిలిన రోజు

ధరూర్ నుంచి గద్వాలకు షేర్ ఆటో నడిపే ఖాజా మియాది జీవితమంతా ఒకటే నియమం. సీట్లన్నీ నిండితే తప్ప బండి కదలదు. లోపల జనం ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని తిడుతున్నా, సందులోంచి ఇంకెవరో వస్తున్నట్టే ఆయనకు అనిపిస్తుంది. "ఇంకొక్కరే, జర ఆగుండ్రి" అంటాడు. తన నిఖాకు కూడా ప్యాసింజర్లను ఎక్కించుకుని ఆలస్యంగా వెళ్లిన మహానుభావుడు.

ఆయన కూతురు తహసీన్ కడుపులో బిడ్డ ఎదగడం లేదని గద్వాల దవాఖానలో ఉంచారు. నెలలు ఇంకా నిండలేదు. బిడ్డ ఊపిరితిత్తుల కోసం సూదులు కూడా వేశారు. మాట్లాడాలి రమ్మని డాక్టరమ్మ కబురు పెడితే, ఖాళీ బండి తీయడం చేతకాక ఆయన ప్యాసింజర్లతోనే వచ్చాడు. పల్లికాయ మూటతో జమ్ములమ్మ, కోడిపుంజుతో వెంకటయ్య, సంగతేందో చూద్దామని ఏకంగా వార్డులోకే వచ్చేశారు.

"ఇవాళే ఆపరేషన్ చేసి బిడ్డను తీద్దాం" అంది డాక్టరమ్మ.

"కిలోన్నర గూడ లేదంటిరి గద మేడం. ఇంకో వారం ఆగుదం" అన్నాడు ఖాజా మియా.

"అవ్, లేత కాయ పీకితే ఏమొస్తది?" జమ్ములమ్మ మూట మీద కూర్చుని తీర్పు చెప్పింది. వెంకటయ్య తలూపాడు. పుంజు మాత్రం గట్టిగా కూసింది.

"బొడ్డుతాడులో రక్తం సరిగా పోవడం లేదు. ఆగినా లోపల ఎదగదు, గుండె ఆగిపోవచ్చు. తీస్తే బయట పెంచుకునే దారుంది" అంది డాక్టరమ్మ, పుంజు వైపు చూడకుండా.

ఖాజా మియాకు నిజంగా భయమేసింది. అయినా నోరు అలవాటు మానలేదు. "సాయంత్రం దాక జర..."

మంచం మీంచి తహసీన్ చెయ్యి చాచి పెన్ను అందుకుంది. "అబ్బాజాన్, ఇంకెవ్వరు రారు. బండి తియ్" అని ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టింది.

ఆపరేషన్ గదిలోంచి పాప సన్నగా ఏడ్చింది. వెంటనే అద్దాల పెట్టెలో పెట్టారు. ఖాజా మియా ఒక్క ఉరుకున ఆటో ఎక్కాడు. వెంట పరిగెత్తిన జమ్ములమ్మ మూటతో సహా గేటు దగ్గరే ఉండిపోయింది. దారిలో చెయ్యెత్తిన వాళ్లంతా బండికి బ్రేకులు పోయాయనుకుని పక్కకు దూకారు. ధరూర్‌లో భార్య రజియాబీని ఎక్కించుకుని మళ్లీ అదే వేగంతో బయలుదేరాడు.

ఖాళీ సీటు మధ్యలో కూర్చుని రజియాబీ గొల్లుమంది. "ఎవ్వర్ని ఎక్కిస్తలేవు. పిల్ల ఉన్నదా లేదా, నిజం చెప్పు!"

"ఉన్నదే" అన్నాడు ఖాజా మియా, కళ్లు తుడుచుకుంటూ. "ఉన్నదని గదనే ఆగుతలేను."