గాడి అరిగిన మరమేకు

నా చేతిని అనుమానించినవాళ్ల మీద నాకు కోపం ఇంకా చల్లారలేదు. వాళ్లు పోయి చాలా ఏళ్లయింది, పోయినవాళ్ల మీద ఇంకా కోపమేమిటమ్మా అంటారు నా పిల్లలు. ఉంటే ఉండనీ. ఊరికే వచ్చిన కోపం కాదది.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. చిత్తూరులో మా అత్తవారిల్లు. మామగారు ప్లీడరు దగ్గర గుమాస్తాగా చేసి మానుకున్న మనిషి. మా ఆయనకు పాకాల రైల్వే స్టేషనులో ఉద్యోగం, సెలవు దొరికినప్పుడే ఇంటికి వచ్చేవాడు. చక్కెర రేషను మీద కొంచెమే వచ్చేది. మా అత్త దాన్ని గాజు సీసాలో పోసి, వంటింటి గోడ అలమరలో పెట్టి, చెక్క తలుపులకు తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకునేది. అయినా చక్కెర తగ్గిపోతూనే ఉండేది.

మామగారి మీద ఎవరికీ అనుమానం వచ్చే వీల్లేదు. ఆయనకు మధుమేహం. తీపి ముట్టవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. చక్కెర లేని కాఫీని మొహం చిట్లించకుండా తాగేవాడు. ఇంటికి వచ్చినవాళ్లంతా ఆయన నిగ్రహాన్ని మెచ్చుకునేవాళ్లు, ఆయన కళ్లు సగం మూసి ఆ మెప్పును కాఫీతోపాటు పుచ్చుకునేవాడు.

ఇక మిగిలింది కోడళ్లం. పెద్దకోడలు కలిగినవాళ్ల బిడ్డ. నేను పూతలపట్టు దగ్గరి పల్లెలో మెట్టచేను తప్ప మరేమీ లేని ఇంటినుంచి వచ్చాను. కాబట్టి దొంగను నేనే అయ్యాను. మొదట సణుగుడుగా ఉండేది. తిరుచానూరు నుంచి మా అత్త చెల్లెలు వచ్చిన రోజు అది బాహాటమైంది.

"కాఫీలో తీపి తక్కువైంది, ఏమనుకోవద్దు మే," అంది మా అత్త ఆమెతో. "తాళమేసినా ఈ ఇంట్లో చక్కెర నిలవదు. చిన్నకోడలు లేనింట్లోంచి వచ్చింది గదా, నాలిక అట్లాంటిది."

నేను గడపలోనే ఉన్నాను, చేతిలో లోటాలతో.

"తాళంచెవి మీ బొడ్లో ఉంటే నేనెట్ల తింటాను అత్తా?" అన్నాను.

"నేను నీళ్లు పోసుకునేటప్పుడు తాళంచెవి యాడ పెడతానో నీకు తెలీదా ఏమి?"

తిరుచానూరు ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. ఆ చూపు ఒంటికి అంటుకున్నట్టయింది, ఎంత కడుక్కున్నా పోయేది కాదు. మరుసటి సెలవుకు మా ఆయన వచ్చేదాకా నేను సరిగ్గా తినలేదు. ఆయన వచ్చి చెప్పులు విడవకముందే చెప్పేశాను.

"ఆ చెక్క తలుపులు పీకించి అద్దాల తలుపులు పెట్టించండి. చక్కెర సీసా పొద్దస్తమానం అందరి కళ్ల ముందర ఉండాల. ఎవరు తీసినా, ఎంత తగ్గినా అందరికీ తెలియాల. లేదంటే నేను మా నాయన దగ్గరికి పోతాను, మళ్లీ రాను."

అద్దాలు పగిలిపోతాయన్నాడు మామగారు. తినే వస్తువులు బయటికి కనబడితే దిష్టి తగలదా అంది మా అత్త. మా ఆయన మెత్తని మనిషి, వాళ్ల మాట ఎన్నడూ దాటనివాడు. ఆ ఒక్కసారి మాత్రం నా పక్షాన నిలబడ్డాడు. ఎవరిదో పాత బంగళా కూల్చినప్పుడు అమ్మిన కిటికీ అద్దాలు తెచ్చి, వడ్రంగి ఆచారికి పని అప్పజెప్పి పాకాలకు పోయాడు.

ఆచారి వీధి తిన్నె మీద కూర్చుని టేకు చట్రాలు చేసి అద్దాలు కూర్చాడు. వాటిని అలమరకు బిగించడం మాత్రం ఇంటివాళ్ల పని. మా వంటింట్లో మడి. చెక్క లోపలికి రావచ్చు, దాన్ని చెక్కిన మనిషి రాకూడదు! పాత తలుపులను కూడా ఎప్పుడో మామగారే బిగించాడట. అందుకని ఆచారి తిన్నె మీదినుంచే నాకు జాగ్రత్తలు చెప్పాడు.

"చట్రం సన్నంగా ఉండాదమ్మా. మరమేకు పొడుగైతే మొన పోయి అద్దానికి తగిలి పగిలిపోతాది. పాత మేకు ఒకటి పీకి అంగడికి తీసకపోండి, దానికంటే పొట్టివి తెచ్చుకోండి."

మరమేకు పీకడానికి స్క్రూ డ్రైవరు కావాలి. మామగారిని అడిగాను. ఎందుకు, ఎవరికి అని గుచ్చిగుచ్చి అడిగి, చివరికి తన ట్రంకు పెట్టెలోంచి తీసి ఇచ్చాడు. దాని పిడి చుట్టూ చీమలు. దులిపి తెచ్చుకున్నాను కానీ, ట్రంకు పెట్టెలో ఇనుముకు చీమలెందుకు పడతాయన్నది అప్పుడు నాకు తట్టలేదు.

ఎడమ రెక్క మేకులు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. ఎంత తిప్పినా కదల్లేదు. కుడి రెక్కవి వేలితో తిప్పినా ఊడి వచ్చేట్టున్నాయి. వాటి తల మీది గాడి అరిగి తళతళలాడుతోంది. పాతకాలపు పట్టీ మడతబందులవి, తలుపుకు బయటి వైపే బిగించి ఉంటాయి. మేకులు తీస్తే చాలు, తాళం వేసింది వేసినట్టే ఉంటుంది, రెక్క పక్కకు వచ్చేస్తుంది. మామగారి స్క్రూ డ్రైవరు పిడికి చీమలెందుకు పట్టాయో, చక్కెర అంటిన చెయ్యి ఎవరిదో అప్పుడు అర్థమైంది.

మొదట నవ్వొచ్చింది. అంత పెద్దమనిషి, అందరూ గుళ్లకూ పేరంటాలకూ పోయిన వేళ, మేకులు పీకి చక్కెర బొక్కుతూ ఉంటే ఎట్లా ఉంటుందో ఊహించుకుని నవ్వుకున్నాను. తర్వాత ఒళ్లు మండింది. తింటే తిన్నాడు, జబ్బు మనిషి, నోరు కట్టుకోలేకపోయాడు. కానీ తిరుచానూరు ఆమె ముందు నన్ను దొంగను చేసిన రోజు ఆయన పక్కగదిలోనే పేపరు చదువుతున్నాడు. పేజీ తిప్పిన చప్పుడు కూడా నాకు వినబడింది.

మేకులు తేవడానికి నేనే పోతానన్నాను. "ఆడమనిషి ఇనుప సామాన్ల అంగడికా?" అంది మా అత్త. "అయితే మామను తోడు పంపించండి," అన్నాను. ఆయన గొడుగు తీసుకుని ముందు నడిచాడు, నేను వెనక.

అంగడాయన నన్ను చూసి మామగారితో మాట్లాడబోయాడు. నేను పాత మేకును బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని తీసి వెలుతురుకు పట్టి చూశాడు.

"ఎన్నిసార్లు పీకి బిగించినారయ్యా దీన్ని? గాడి సాంతం అరిగిపోయుండాదే."

మామగారు వీధిలో పోయే జట్కాను చూస్తున్నాడు.

"యుద్ధం కదమ్మా, ఓడల్లో సీమ సరుకు రావడం లేదు," అంటూ అంగడాయన ఒక రేకు డబ్బా బల్ల మీద కుమ్మరించాడు. అన్ని రకాలూ కలగాపులగం. నేను ఒక్కొక్కటీ ఏరాను. ఇనుపవి పక్కకు నెట్టాను, వంటింటి ఆవిరికి తుప్పు పడతాయి. గుండ్రటి తలవి వద్దన్నాను, తలుపు పూర్తిగా మూసుకోదు. ఇత్తడివి, చదును తలవి, పాతదానికంటే పొట్టివి ఏరి ఒక పక్కన పెట్టి, కొత్త మడతబందులు చూపించమన్నాను.

"బందులు ఎందుకు కొనడం? పాత పట్టీలే ఉండాయి గదా," అన్నాడు మామగారు. అంగడికి వచ్చాక ఆయన నోరు విప్పడం అదే మొదలు. "బయటి పక్క బిగిస్తే గట్టిగా ఉంటాది."

"వద్దు మామా," అన్నాను. అంగడాయన వైపు తిరిగి, అక్కడున్నవాళ్లందరికీ వినబడేట్టు చెప్పాను. "లోపలి అంచుకు బిగించే బందులు ఇయ్యండి. తలుపు మూస్తే ఒక్క మేకు కూడా బయటికి కనబడకూడదు. బయటినుంచి ఎవరూ పీకేదానికి వీల్లేకుండా ఉండాల."

మామగారు గొడుగు ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. దారి పొడుగునా ఆయన ఒక్క మాట అంటాడేమోనని నేను చూశాను. తప్పయిందని కాదు, నీమీద పడ్డ మాట నేను తుడుస్తాను అంటే చాలనుకున్నాను. ఇల్లు వచ్చింది, కాళ్లు కడుక్కుని లోపలికి పోయాడు.

తలుపులు పెట్టేటప్పుడు అందరం వంటింట్లో ఉన్నాం. పెద్దకోడలు చట్రం పట్టుకుంది. అత్త కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతోంది. "ఇంకమీదన్నా దొంగచేతులు అణిగుంటాయి," అంది, నా వైపు చూసే అంది. నేను స్క్రూ డ్రైవరు మామగారికి చాచాను.

"మీరే బిగించండి మామా. మీకు అలవాటైన పనే గదా."

ఆయన నా మొహం చూడలేదు. తీసుకుని బిగించాడు, ఒక్కొక్క మేకూ. అద్దం పగల్లేదు. చివరిది బిగించాక గోడవైపే తిరిగి అన్నాడు.

"చక్కెర తినింది నేను."

పెద్దకోడలు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అత్త వంకాయ తరుగుతూనే ఉంది.

"నాకు తెలుసు," అంది.

"తెలిసే నా మీద వేసినారా?" అన్నాను.

"ఆయన ఇంటికి పెద్ద. ఆయన్ను దొంగంటే ఈ ఇల్లు యాడ నిలబడతాది? నువ్వంటావా, యాడినుంచో వచ్చినదానివి. నిన్ను అంటే ఏం పోతాది?"

ఆ గొంతులో కోపం లేదు, సిగ్గూ లేదు. పులుసులో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టు చెప్పింది. నన్ను అప్పటిదాకా అన్నవన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు.

కొత్త తలుపు తెరిచాను. చక్కెర సీసా తీసి, మూత విప్పి, అరచేతి నిండా పోసుకున్నాను. రేషను చక్కెర, పెద్ద పలుకులు, కొంచెం మట్టి రంగు.

"బాగా చూడండత్తా," అన్నాను. "నేను తినే చక్కెర ఇది. ఇంతకుముందు పోయినదాంట్లో ఒక్క పలుకు కూడా నాది కాదు. తిరుచానూరు చిన్నత్తకు చెప్పేటప్పుడు నేను తినింది ఈ పిడికెడేనని చెప్పండి."

చేతిలోదంతా నోట్లో పోసుకున్నాను. అంత చక్కెర ఒక్కసారి ఎన్నడూ తినలేదు, నాలిక మొద్దుబారింది. నమిలినంతసేపూ ఆమె కళ్లలోకే చూశాను. ఆమె తరగడం ఆపి, కళ్లు దించుకుంది.