సమ్మె చూడని సాక్షి

నా థీసిస్‌లో నాలుగో చాప్టరంతా మా పేట సుభాష్‌పల్లిలో ఉండే సూరన్న తాత చెప్పిన రైల్వే వర్క్‌షాప్ సమ్మె కబుర్లే. సోమవారం గైడ్‌కి ఇవ్వాలి.

ఇవాళ తాత పుట్టినరోజని పొద్దున్నే కేక్ చేసినాను. కాలేజీలో రెండు క్లాసులు చెప్పేసి, తాతని గోల్‌బజార్‌లో బిరియానీకి తీసుకెళ్లినాను.

తింటూ తింటూ అన్నారు: "ఆ సమ్మెప్పుడు నాను ఊర్లోనే లేనమ్మా. అవన్నీ మా అన్న సెప్పినవే."

"మరి మీరే చూసినట్టు చెప్పినారేటి తాతా?"

"నువ్వంత ఇష్టంగా రాసుకుంటంటే ఎలా ఆపుతానమ్మా?"

ఇంటికొచ్చి చాప్టర్ తెరిస్తే పేజీ పేజీకీ "ప్రత్యక్ష సాక్షి" అనే ఉంది. గైడ్‌కి చెప్దామని మూడుసార్లు ఫోన్ తీసినాను, మూడుసార్లూ భయమేసి పక్కన పెట్టేసినాను.

మీరైతే గైడ్‌తో మొదటి మాట ఏటంటారు?